ట్రాక్ 01 మా పేరు కాదు

మా కాకా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉండేది. దాంట్లో పదిహేనో పదహారో గ్రామఫోన్ రికార్డులు. చాలావరకు అంగట్లో కొన్న నాటకం పాటలు, మరాఠీ భజనలు. వాటి మధ్య ఒక్కటి మాత్రం వేరే రకం. అదీ నల్లగానే ఉండేది గానీ, అంచు దగ్గర పెచ్చు లేచినచోట లోపలి అల్యూమినియం రేకు మెరిసేది. దాని మీద కంపెనీ బొమ్మ లేదు. సిరాతో చేత్తో రాసిన రెండు ముక్కలు ఉండేవి, అవీ సగం చెరిగిపోయాయి. అందులో ఉన్నది మా ఊరి దండారి పాట. కాకా చిన్నప్పుడు ఎవరో జీపులో వచ్చి, ఒక పెద్ద పెట్టె విప్పి, ఊరివాళ్ళ చేత పాడించి, వాళ్ళ పాట వాళ్ళకే వినిపించి, ఒక పళ్ళెం ఊరికి ఇచ్చి పోయారట.

ఎక్కువసార్లు వేయొద్దు, గాడి అరిగిపోతది అని కూడా చెప్పి పోయారట. కాకా వింటాడా? ప్రతి దీపావళికీ దండారి కట్టే ముందు దాన్ని బయటికి తీసి, చావి తిప్పి, ఇనప ముల్లు పెట్టి ఊరందరికీ వినిపించేవాడు. అలాంటి రేకు డిస్కు మీది పూత మెత్తగా ఉంటుంది, అంగట్లో అమ్మే రికార్డు లెక్క గట్టిది కాదు. బరువైన ముల్లు నడిచినప్పుడల్లా పాట కొంత గీసుకుపోతుంది. నాకు ఊహ తెలిసేసరికి అందులో గుమేల దెబ్బలు, గజ్జెలు, వాటి వెనక ఎక్కడో దూరంగా గొంతులు మిగిలాయి. అయినా మా ఊరి పెద్దలు ఆ గొంతుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టేవారు. పాట మధ్యలో ఒకచోట ఎవరో దగ్గుతారు. ఆ చోటు రాగానే కాకా వేలెత్తి, ‘అగో, మా బాపు’ అనేవాడు. ఆయన బాపు అంటే నాకు తాత. నేను పుట్టకముందే పోయాడు. ఆయనకు ఫోటో లేదు.

కొన్నేళ్ళ కిందట పట్నం నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. ఆ పేరు ఇక్కడ అవసరం లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. పాత రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నామన్నారు. పెట్టె మొత్తం అడగలేదు, ఆ ఒక్క డిస్కే అడిగారు. కాకా ఇచ్చాడు. రసీదు రాయించుకోవాలని మాకు తోచలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక సీడీ వచ్చింది. డిస్కు ఏదంటే దారిలో పగిలిందన్నారు. రేకు పగలడమేందని కాకా అడిగాడు. అప్పుడు మాట సవరించి, పూత ఊడిపోయిందన్నారు.

సీడీలో రెండు ఫైళ్ళు. ట్రాక్ 01, ట్రాక్ 02. ఫోల్డరు పేరు ‘గిరిజన జానపదం’. చప్పుళ్ళన్నీ తీసి శుభ్రం చేశామని కవరు మీద రాశారు. నిజంగానే శుభ్రం చేశారు. గరగర పోయింది. గరగరతో పాటు గజ్జెలు పోయాయి. గుమేల పోయింది. దగ్గు పోయింది. పాడే మగమనిషి గొంతు పిల్లవాడి గొంతులా సన్నబడి, ఎవరో తరుముతుంటే పరిగెత్తుతూ పాడుతున్నట్టు ఉంది. కాకా కొంచెంసేపు విని, ‘ఇది ఎవరి ఊరిది?’ అని అడిగాడు.

ఈ వ్యాసం ఆ సీడీ మీద కోపంతో రాస్తున్నాను. ఆ కోపాన్ని దాచుకోదలచుకోలేదు. అయితే కోపం ఎవరి మీదో, దేని మీదో స్పష్టంగా చెప్పాలి. పాత డిస్కుల్ని కంప్యూటర్లోకి మార్చడం మంచి పనే. పూత ఊడిపోతున్న డిస్కుల విషయంలో ఇవాళ చేయకపోతే రేపు చేయలేని పని కూడా. నా తగువంతా ఆ పనిని మనం లేకుండా చేయడం గురించే. ఆ గొంతును గుర్తుపట్టగల మనిషి పక్కన కూర్చోకుండా చేసిన మార్పిడి సగం పని. గుర్తుపట్టగల మనిషి బతికుండగా ఆయన్ని పిలవకుండా చేస్తే అది రెండోసారి ఎత్తుకుపోవడమే.

మొదటిసారి సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. జార్జ్ గ్రియర్సన్ అనే దొర భారతదేశ భాషల సర్వే చేశాడని మన టీచర్లలో కొందరైనా చదివి ఉంటారు. ఆ సర్వేకు తోడుగా 1913-1929 మధ్య మన దేశ భాషల్ని గ్రామఫోన్ రికార్డుల మీదికి ఎక్కించారు. వాటిలో గోండి కూడా ఉంది. ఇప్పుడు ఆ రికార్డులు కంప్యూటర్ ఫైళ్ళయ్యాయి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఎవరైనా వినొచ్చు. నేనూ విన్నాను. వందేళ్ళ కిందటి గోండి మాటను ఉట్నూరులో బస్సు కోసం కూర్చొని ఫోన్లో వినగలగడం చిన్న విషయం కాదు. ఆ ఫైళ్ళు తయారుచేసి అందరికీ తెరిచి పెట్టినవాళ్ళకు మనస్ఫూర్తిగా దండం పెడతాను.

కానీ మనవాళ్ళ చేత ఏం మాట్లాడించారో వినండి. ఆ సర్వేలో అన్ని భాషలకూ ఒకటే నమూనా కథ. బైబిల్లో ఉన్న తప్పిపోయిన కొడుకు కథ. తన వాటా తీసుకొని ఇల్లు వదిలిపోయి, అంతా పోగొట్టుకొని తిరిగొచ్చిన చిన్న కొడుకుకు తండ్రి విందు చేస్తాడు. ఒకే కథ అయితే భాషల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం సులువు, అది ఒప్పుకుంటాను. రికార్డుల్లో ఆ కథతో పాటు సొంత కథలో పాటలో కూడా కొన్ని ఉన్నాయి, అదీ ఒప్పుకుంటాను. అయినా పెన్ కథలు రాత్రుళ్ళు రాత్రుళ్ళు పాడే జాతి ముందు బాకా పెట్టి ముందుగా అడిగింది ఆ కథ. ఎందుకంటే రికార్డు మనవాళ్ళ కోసం చేసింది కాదు. ప్రతులు లండన్ లాంటి చోట్ల గ్రంథాలయాలకు చేరాయి. మాట్లాడినవాడి ఊళ్ళో గ్రామఫోన్ ఉందా లేదా అన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

ఆ సర్వే నిజాం ఇలాఖాలోకి రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోకీ రాలేదు. మద్రాసు ప్రభుత్వం తన భాషలకు విడిగా రికార్డులు చేయించింది, వాటి పాఠాల పుస్తకాన్ని 1927లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అచ్చువేసింది. కాబట్టి నేను విన్న గోండి ఆదిలాబాద్‌ది కాదు, మధ్య పరగణాలది. మా అవ్వకు దాన్ని వినిపించాను. సగం అర్థమైందంది. మొదట ఆ మాటతీరుకు నవ్వింది, ‘అటు దిక్కోళ్ళు ఇట్లనే సాగదీస్తరు’ అని. కథ పూర్తిగా నేను చెప్పాక ఆమె ఒక్కటే ప్రశ్న వేసింది. ‘ఇంట్ల ఉండి నాగలి కట్టిన పెద్దకొడుక్కు ఏం పెట్టిండ్రు?’

ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ రికార్డు దేంతో చేశారో చెప్పాలి, ఎందుకంటే దాంట్లో మన లెక్క ఒకటి ఉంది. 78 వేగంతో తిరిగే ఆ నల్ల రికార్డులో ఎక్కువ భాగం రాతిపొడి, మసి. వాటిని పట్టి ఉంచే జిగురు లక్క. మోదుగ, రేగు, కుసుమ కొమ్మల మీద లక్కపురుగు కట్టే గూడే అది. చోటానాగపూర్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ముండా, ఉరావ్, గోండు కుటుంబాలు కొమ్మలు కోసి, గీకి, సంతలో షావుకారుకు తూచి ఇచ్చిన సరుకు. ప్రపంచానికి లక్క పోయింది ప్రధానంగా మన దేశం నుంచే. కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ 1908లో సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టింది, ఆ తర్వాత డమ్‌డమ్‌లో. దశాబ్దాల పాటు ఈ దేశంలో ఎవరి పాట విన్నా, ఆ పాట ఆదివాసీ చేతుల మీదుగా వచ్చిన లక్క మీద నడిచింది. మహారాణుల దర్బారు గాయకులు ఆ లక్క మీద బతికారు. కొమ్మ కోసినవాడి పాట ఎన్ని రికార్డుల మీద ఉంది? కంపెనీకి గిట్టుబాటు కాదు, కొనేవాడు లేడు అంటారు. సరే. మరి ఇప్పుడు ఫైలు తయారుచేయడానికి లక్క అక్కర్లేదు, కొనేవాడూ అక్కర్లేదు. ఇప్పుడూ అదే లెక్క ఎందుకు?

ఇక మార్పిడి పనిలోకి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, మనల్ని మోసం చేసేది ఈ వివరాలే. ‘టెక్నికల్ పని, మీకు తెలియదు’ అని ఒక్క మాటతో మనల్ని గుమ్మం బయట నిలబెడతారు. నేను సైన్సు టీచర్ని కాను. నాకు అర్థమైంది మీకూ అవుతుంది.

ముల్లు దగ్గర మొదలుపెట్టండి. పాత 78 రికార్డు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు కావాలి. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లు మొన 25 మైక్రాన్లే. దాన్ని పాత రికార్డు మీద పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. పాట గోడల మీద ఉంటుంది, ముల్లు అడుగున ఉంటుంది. అప్పుడు వచ్చే గరగర సగం రికార్డుది కాదు, తప్పు ముల్లుది. ఆ గరగరను చూపించి ‘రికార్డు బాగా పాడైపోయింది, శుభ్రం చేయక తప్పలేదు’ అంటారు. సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్లు ఇంకా ఘోరం.

వేగం రెండో సంగతి. 78 అని పేరేగానీ పాత రోజుల్లో అన్నీ సరిగ్గా 78 దగ్గర చేయలేదు. 74 దగ్గర చేసినదాన్ని 78 దగ్గర తిప్పితే పాట ఇరవైలో ఒక వంతుకు పైగా వేగం పెరుగుతుంది, శ్రుతి దాదాపు అరమెట్టు ఎక్కుతుంది. చేత్తో తీసుకొచ్చిన పెట్టెమీద ఊళ్ళో చేసిన డిస్కయితే తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు. కంప్యూటర్‌కు అసలు వేగం తెలియదు. పట్నంలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చున్న కుర్రాడికీ తెలియదు. తెలిసేది ఎవరికి? దండారి ఆడినవాడికి. కాలు ఎంత వేగంగా పడుతుందో, పెప్రె ఏ ఎత్తులో పలుకుతుందో ఒళ్ళంతటికీ తెలిసిన మనిషికి. మా ఫైలును అటూ ఇటూ జరిపి చూసినప్పుడు కాకా కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఒకచోట ఆయన మోకాలు దానంతటదే కదిలింది. అదీ వేగం. ఆ మోకాలు ఏ సంస్థ దగ్గరా లేదు.

మూడోది శుభ్రం చేయడం. నన్ను అన్నిటికంటే మండించేది ఇదే. రికార్డు మీద గీత పడితే టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది. దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అది వెతికేది ఏమిటి? చటుక్కున లేచి చటుక్కున పడిపోయే చప్పుడు. గుస్సాడి కాలి గజ్జె ఎట్లా మోగుతుంది? చటుక్కున లేచి చటుక్కున పడిపోతుంది. కర్ర నేలకు కొట్టినప్పుడూ అంతే. ప్లేయర్ మోటారు అడుగు నుంచి వచ్చే గుర్రుమనే చప్పుడు తీసేయడానికి లోతు శబ్దాల్ని మొత్తంగా కోసేస్తారు. గుమేల లోతు అక్కడే ఉంటుంది. బుస్సుమనే చప్పుడు తీసేస్తారు. కిక్రి తీగ మీద విల్లు ఒరుసుకునే చప్పుడులో సగం బుస్సే. కిక్రి వాయించే పర్ధాన్‌ను అడగండి, ఆ ఒరుపు లేకపోతే అది కిక్రేనా అని. శాస్త్రీయ సంగీతం వినడం అలవాటైన చెవికి తంబూరా శ్రుతి సంగీతం, గజ్జెల గలగల చప్పుడు. ఏది పాటో ఏది చప్పుడో తేల్చే హక్కు ఆ చెవికి ఎవరిచ్చారు?

1925కు ముందటి రికార్డులైతే మైకు లేని కాలం నాటివి. మనిషి బాకాలోకి నోరు పెట్టి గట్టిగా మాట్లాడాలి. ఆ బాకా మరీ లోతు శబ్దాన్నీ, మరీ సన్న శబ్దాన్నీ పట్టలేదు. స, శ లాంటి ధ్వనులు అందులో సగం పోతాయి. అట్లా అప్పటికే చాలా పోయిన గొంతులో మిగిలినదాన్ని కూడా శుభ్రం పేరుతో కోస్తే చివరికి ఏం ఉంటుంది?

శుభ్రం చేయొద్దని నేననడం లేదు. బడిలో పిల్లలకు వినిపించడానికి కొంచెం గరగర తగ్గించిన ప్రతి ఒకటి చేసుకోండి. కానీ ముందు ఏమీ కోయకుండా, గాడి రెండు గోడలనూ విడివిడిగా చదివించి, డిస్కు ఎట్లా పలికితే అట్లా ఒక ఫైలు తీసి దాచాలి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. ప్రపంచంలో శబ్ద భాండాగారాలు నడిపేవాళ్ళు పాటించే పద్ధతే ఇది. మూడు నిమిషాల పాటకు అది 100 ఎంబీ దాటుతుంది. మనకు సీడీల్లోనూ వాట్సాప్‌లోనూ వచ్చేది 3 ఎంబీల ఎంపీ3. మిగతాది ఎక్కడ ఉంది అని అడగండి. ‘మీకు ఇది చాలు’ అనే జవాబు వస్తే, మనకు ఏది చాలో వాళ్ళు ఎప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారని గుర్తు చేసుకోండి.

ఇప్పుడు పేరు సంగతి. ట్రాక్ 01 అని పేరు పెట్టినవాడికి చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కంప్యూటర్ అట్లా పెట్టింది, ఆయన మార్చలేదు. కానీ అదే మనిషి తన ఇంటి పెళ్ళి వీడియోకు ట్రాక్ 01 అని పేరు పెట్టుకుంటాడా? ఫైలుకు పేరు లేదంటే పాడినవాడు లేడని అర్థం. ఊరు లేదంటే అడవి అంతా ఒకటే ఊరని అర్థం. ‘గిరిజన జానపదం’ అన్న సంచిలో గోండు, కొలాం, తోటి, కోయ, సవర, కొండరెడ్డి అందరూ పడిపోతారు. నాలుగు సగలవాళ్ళ పాటా ఏడు సగలవాళ్ళ పాటా ఒకటే అవుతుంది. చావు దగ్గర పాడేదీ పెళ్ళిలో పాడేదీ పక్కపక్కనే వరుసగా మోగుతాయి. వినేవాడికి పర్వాలేదు. మనకు ఒళ్ళు జలదరిస్తుంది.

చట్టం కూడా అటువైపే మొగ్గుతుంది. 1957 కాపీరైటు చట్టంలో శబ్ద రికార్డుకు కర్త ఎవరో తెలుసా? దాన్ని తయారు చేయించిన నిర్మాత. పాడినవాడు కాదు. పాడేవాళ్ళకంటూ ప్రదర్శకుల హక్కులు ఆ చట్టంలో చేరింది 1994 సవరణతో. రేకు డిస్కులో దగ్గిన మా తాతకు ఆ కాగితాల్లో ఎక్కడా చోటు లేదు. మన భూమి పరాయి చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అది ఎంత అమలవుతుందో మనకు తెలుసు, అయినా అడగడానికి ఒక కాగితమైనా ఉంది. గొంతుకు 1/70 లేదు.

అయితే చేతిలో ఏమీ లేదని కూర్చోనక్కర్లేదు. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక మాట ఉంది. ప్రజల సంప్రదాయాలు, ఆచారాలు, సాంస్కృతిక అస్తిత్వం కాపాడుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకూ ఉంటుందని. మనం పెసాను ఇసుక, చెరువు, భూసేకరణ అప్పుడే గుర్తు చేసుకుంటాం. పాట తీసుకుపోవడానికి వచ్చినవాడి ముందు ఎందుకు గుర్తు చేయం? రికార్డు చేస్తావా, పాత డిస్కు తీసుకుపోతావా, గ్రామసభలో కూర్చో. ఏం తీసుకుపోతున్నావో, ఎప్పుడు తిరిగిస్తావో, ఫైలు ఎక్కడ పెడతావో, ఎవరు వినొచ్చో రాసివ్వు. దీనికి కోర్టుకు పోవాల్సిన పని లేదు. రసీదు పుస్తకం చాలు. మా కాకాకు ఆ రోజు లేనిది అదే.

ఇక్కడ మనలో మనకు ఉన్న పేచీలు కూడా దాచను. పర్ధాన్ పాడే పెన్ కథ ఎవరిది? ఇంటింటికీ వచ్చి కిక్రి వాయించి పాడి, తరాలుగా గుర్తు పెట్టుకున్నది పర్ధాన్. ఎవరి సగ కథ, ఎవరి పెన్ కోసం పాడాలో ఆ హక్కు గోండు జజ్‌మానిది. రేపు ఆ ఫైలు మీద పేరు రాయాలంటే ఎవరిది రాస్తారు? ఇద్దరిదీ రాయాలని నేనంటాను. కాదనే గోండు పెద్దలు నాకు తెలుసు. ఈ పర్ధాన్ల పట్ల మనం చూపిన చిన్నచూపు సంగతి ఒప్పుకోకుండా పట్నం సంస్థను మాత్రం తిట్టడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఇంకొక పేచీ. కొన్ని పాటలు ఆ పూజ రోజున తప్ప నోట రాకూడదు. కటోడ ముందు తప్ప పాడకూడదు. డిస్కు మీద అవి ఉంటే? ‘జ్ఞానం అందరిదీ, అందరికీ తెరిచి పెట్టాలి’ అని మన యువకుల్లోనే కొందరు నాతో వాదిస్తారు. వాళ్ళ మాటలో మంచి ఉంది, తాళాలు వేసి కూర్చున్న గ్రంథాలయాల మీద కోపంతో వచ్చిన మాట అది. కానీ తలుపు ఎవరిదో వాళ్ళే తెరవాలి. కొన్ని ఫైళ్ళు తీసి, భద్రపరిచి, ఆ ఊరి పెద్దల చేతిలోనే పెట్టి ఊరుకోవాలి.

‘మేము దాచకపోతే మీ దగ్గర ఈమాత్రం కూడా మిగిలేది కాదు’ అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. అందులో నిజం ఉంది కాబట్టే అది గుచ్చుకుంటుంది. మన ఊళ్ళలో చెదలు, వాన, పొయ్యి పొగ. మా కాకా సొంత చేత్తోనే సగం పాట అరగదీశాడు. నిజమే. కానీ వాళ్ళ దగ్గర భద్రమా? లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ చూడండి, లోకంలోనే పెద్ద శబ్ద భాండాగారాల్లో ఒకటి. 2023 అక్టోబరులో దాని కంప్యూటర్ల మీద దాడి జరిగితే, శబ్దాలు వినిపించే దాని వెబ్‌సైటు నెలల తరబడి మూతపడింది. ఫైళ్ళు పోకపోవచ్చు, తలుపు మాత్రం మూసుకుంది. అంత పెద్ద ఇంటికే అట్లా జరిగితే, మన దగ్గరికి వచ్చిన సీడీ ఎంత? మా ట్రాక్ 01 ఉన్న సీడీ ఇప్పుడు ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోవడం లేదు. ఒక్కచోట ఉన్నది ఎక్కడున్నా భద్రం కాదు. అందుకే ఒక ప్రతి ఊళ్ళో ఉండాలంటున్నాను, దయ చేసి ఇవ్వమని కాదు.

టీచర్ మిత్రులతో ఒక మాట. ఈ పని బడిలో చేయొచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో కంప్యూటర్ గదులు ఉన్నాయి, చాలాచోట్ల తాళం వేసి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 78 వేగం, సరైన ముల్లు ఉన్న ప్లేయర్ ఒకటి నాలుగైదు మండలాలకు కలిపి ఉంటే చాలు, ఐటీడీఏను అడగండి. రికార్డులు ఎక్కడ ఉన్నాయంటారా? పాత పటేళ్ళ ఇళ్ళలో, అంగడి షావుకారు అటకల మీద, హాస్టల్ స్టోరు గదుల్లో చూడండి. దొరికితే స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పూత లేచిన రేకు డిస్కు అయితే మెత్తని కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి, తడి తగలనీయొద్దు, ప్లేయర్ మీద పెట్టే సాహసం కూడా మీరు చేయొద్దు. అది తెలిసినవాళ్ళ పనే. వాళ్ళ దగ్గరికి మనం తీసుకుపోదాం, మన పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకొని.

ఫైలు మొదట్లో పిల్లల చేత వాళ్ళ భాషలోనే చెప్పించండి, ఇది ఫలానా ఊరు, ఫలానా ఇంటి డిస్కు, పాడింది వీళ్ళు, గుర్తుపట్టింది వీళ్ళు అని. కాగితం పోయినా ఆ మాట ఫైలుతో ఉంటుంది. పేరు మన లిపిలో రాయండి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, కంప్యూటర్‌కు ఇప్పుడు ఆ అక్షరాలు తెలుసు. తెలుగులో రాసినా సరే, ట్రాక్ 01 కంటే మేలు. ఇదంతా ఎవరు చేస్తారు? ఆ భాష వచ్చిన టీచర్ చేయాలి. ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీ టీచర్లు ఉండాలన్న జీవో నెంబర్ 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని నష్టం ఉద్యోగాల లెక్కల్లోనే చూస్తున్నాం. పాత గొంతు వినిపించినప్పుడు ‘ఇది కొలామీ, ఇది గోండి’ అని చెప్పగల మనిషి బడిలో లేకపోవడం కూడా దాని నష్టమే.

అవ్వ ప్రశ్న దగ్గరికి వస్తానన్నాను. ఇంట్లో ఉండి నాగలి కట్టిన పెద్దకొడుక్కు ఏం పెట్టారు? నేను ఆమెకు కథలో ఉన్న జవాబే చెప్పాను. తండ్రి ‘నాదంతా నీదే కదా’ అన్నాడని. అవ్వ ముక్కు విరిచింది. ‘అంటడు. పట్టా ఎవరి పేర ఉన్నదో అడగాలె’ అంది.

మేము ఆ సంస్థకు ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. నాలుగోది ఈ నెల గ్రామసభ తీర్మానం జతచేసి పంపుతున్నాం. అడిగింది మూడే. రేకు డిస్కు, పూత ఊడినా సరే. శుభ్రం చేయకముందు తీసిన ఫైలు. ఆ ఫైలు చెరిపేసి ఉంటే, కోసి పారేసిన ముక్కలు ఏ కంప్యూటర్లో మిగిలున్నా అవి. అందులో ఒకచోట ఒక మనిషి దగ్గుతాడు. కాకా ఇంకా ఉన్నాడు, విని చెప్పగలడు.